ముద్దు సీను లేని లవ్ స్టోరీ: ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ (1934) మీద మాట్లాడుకుందాం

పాతరీలు | శనివారం, రాత్రి 9:12

ఈ బోర్డులో పాత హాలీవుడ్ అనగానే అందరం సస్పెన్స్ సినిమాల మీద పడిపోతాం. ఈసారి నవ్వించే ప్రేమకథ ఒకటి పెడుతున్నా. ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’. కథంతా చెప్పేస్తాను కాబట్టి చూడనివాళ్లు ముందు చూసి రండి, గంటా నలభై ఐదు నిమిషాలే.

ఎల్లీ (క్లాడెట్ కోల్బేర్) కోటీశ్వరుడి కూతురు. కింగ్ వెస్లీ అనే షోకిల్లారాయుణ్ని ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుంటుంది. తండ్రి ఆమెను మయామీలో తన సొంత ఓడలో పెట్టి తాళం వేస్తాడు. ఈమె నీళ్లలోకి దూకి, ఈదుకుంటూ ఒడ్డుకు చేరి, న్యూయార్క్ వెళ్లే నైట్ బస్సు ఎక్కేస్తుంది. అదే బస్సులో పీటర్ (క్లార్క్ గేబుల్), అప్పుడే ఉద్యోగం ఊడగొట్టుకున్న పేపర్ రిపోర్టర్. ఆమె ఎవరో కనిపెట్టి బేరం పెడతాడు: నీ కథ నాకు రాసుకోనియ్యి, నిన్ను మీ ఆయన దగ్గరికి చేరుస్తా. ఇక మిగతాదంతా ప్రయాణమే.

నన్ను పట్టుకున్నది ఏంటంటే, ఈ సినిమాలో హీరో హీరోయిన్ ఒక్కసారి కూడా ముద్దు పెట్టుకోరు. ఆఖరి సీన్లో అయితే ఇద్దరూ అసలు తెర మీదే ఉండరు. ప్రేమంతా తిండి దగ్గర, చిల్లర డబ్బుల దగ్గర, తడి బట్టలు ఆరేసుకునే తాడు దగ్గర నడిచిపోతుంది. తర్వాత వచ్చిన రొమాంటిక్ కామెడీలన్నీ దీని దగ్గర మాటకు మాట విసురుకోవడం నేర్చుకున్నాయి గానీ, ఈ పైసల లెక్కను మాత్రం వదిలేశాయి. అందుకే చాలావాటిలో ఆ ఇద్దరూ ఎందుకు ప్రేమించుకున్నారో నాకు అర్థం కాదు. దీంట్లో ప్రతి మెట్టూ తెలుస్తుంది.

మీరేమంటారు?

బెంచీటికెట్ | శనివారం, రాత్రి 9:40

మాస్టారూ, ముద్దు లేదు సరే, పాటలు కూడా లేవు, ఫైట్ లేదు. మా బావమరిదికి చూపిస్తే ‘ఇంతకీ సినిమా ఎప్పుడు మొదలవుద్ది’ అన్నాడు. 

నాకు మాత్రం బస్సులో సీటు గొడవ దగ్గరే మొదలైపోయింది. వెనక సీటు నిండా పేపర్ కట్టలు. గేబుల్ వాటిని ఒక్కోటీ కిటికీలోంచి బయటికి విసిరేస్తాడు. డ్రైవర్ వచ్చి ఏం మాట్లాడినా చివర్లో ‘ఓ యా?’ అంటాడు, అంతకు మించి మాట రాదు. ఆ దెబ్బలాట అయిపోయి ఇతను వెనక్కి తిరిగేసరికి ఆ సీట్లో ఆవిడ కూర్చుని ఉంటుంది, చక్కగా. రాజమండ్రి బస్టాండులో కండక్టర్ ఎక్కకముందే కిటికీలోంచి తువ్వాలు వేసే జాతి మనది. ఆ సీను మనకి ఎవడూ విడమరచక్కర్లేదు.

న్యూజెర్సీ బాబాయ్ | శనివారం, రాత్రి 10:25

పాతరీలు గారూ, మీరన్న పైసల లెక్కకి కారణం ఆ కాలమే. 1933 ఆఖర్లో షూటింగ్ జరిగింది. ఆ ఏడాది అమెరికాలో పనిచేసేవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. మార్చిలో రూజ్‌వెల్ట్ వస్తూనే దేశంలో బ్యాంకులన్నీ కొన్నాళ్లు మూసేశారు. హాల్లో కూర్చున్న జనంలో చాలామందికి టికెట్ డబ్బులే బరువు. వాళ్ల ముందు కోటీశ్వరుడి కూతురి కథ చెప్పాలంటే ఆమెను బస్సెక్కించక తప్పదు.

బస్సులో అందరూ కలిసి పాట పాడే సీను గుర్తుందా? ఒకడు గిటారు, ఒకడు ఫిడేలు, ఒక్కో చరణం ఒక్కొక్కరు అందుకుంటారు. ఆ హుషారులోనే బస్సు బురదలోకి దిగిపోతుంది. వెంటనే ఒక పిల్లాడు ఏడుపు. వాళ్లమ్మ ఆకలితో కళ్లు తిరిగి పడిపోయింది, డబ్బంతా టికెట్లకే అయిపోయింది. మనవాళ్లు ఉన్నది కాస్తా ఆ పిల్లాడి చేతిలో పెడతారు. పాట ఆగిన మరు నిమిషంలో ఆకలి. దాని మీద ఉపన్యాసం ఏమీ ఉండదు, బస్సు కదులుతుంది, అంతే. కాప్రా సినిమాల్లో తర్వాత్తర్వాత ఉపన్యాసాలు పెరిగాయి. ఇందులో లేవు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

నిజామాబాద్ పిల్ల | శనివారం, రాత్రి 11:03

నేను రాత్రి ఫోన్లోనే చూసిన. మస్తు స్పీడు ఉంది. సబ్‌టైటిల్ చదివేలోపు ఇంకో డైలాగ్ అయిపోతుంది. తొంభై ఏళ్ల కిందటి సినిమా అంటే నెమ్మదిగా ఉంటదనుకుంటం కదా.

ఒక డౌటు. ఆమెకు ఆల్రెడీ పెళ్లయింది కదా? మొగుడి దగ్గరికి పోతూ వేరే అబ్బాయితో రూమ్ తీసుకోవుడు ఏంది? 1934లో గట్ల ఎట్లా ఒప్పుకున్నరు?

స్క్రీన్‌ప్లే పిచ్చి | శనివారం, రాత్రి 11:30

మంచి డౌటు. రెండు సంగతులు.

ఒకటి, పెళ్లి కాగితం మీదే. సంతకాలవగానే తండ్రి మనుషులు ఆమెను లాక్కొచ్చేశారు. కాపురం లేదు కాబట్టి రద్దు చేసుకోవచ్చు. ఈ వీలు స్క్రీన్‌ప్లేలో మొదటి సీన్లోనే పెట్టేశారు, చివర్లో వాడుకోవడానికి.

రెండు, తేదీ. సినిమా 1934 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో వేశారు. హాలీవుడ్ సెన్సార్ నియమాలు పుస్తకంలో 1930 నుంచీ ఉన్నా, వాటిని అమలు చేసే జోసెఫ్ బ్రీన్ ఆఫీసు సర్టిఫికెట్ లేకుండా సినిమా వేయకూడదని గట్టిగా పట్టుకున్నది 1934 జులై నుంచి. అంటే తలుపులు మూయడానికి కొన్ని నెలల ముందు బయటపడ్డ సినిమా ఇది.

విచిత్రం ఏంటంటే, అంత వెసులుబాటు ఉన్నా వీళ్లు వాడుకోలేదు. వానకి వంతెన కొట్టుకుపోతుంది, బస్సు ఆగిపోతుంది. ఇద్దరి దగ్గరా కలిపి ఒక్క గదికే డబ్బులున్నాయి. గేబుల్ రెండు మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తాడు. దానికి పేరు కూడా పెడతాడు, ‘జెరికో గోడలు’. బైబిల్లో జాషువా మనుషులు బూరలు ఊదితే కూలిపోయిన గోడలు అవి. ‘నా దగ్గర బూర లేదులే’ అని భరోసా ఇస్తాడు. ఆ మాట ఆఖరి నిమిషం దాకా దాచుకుని అక్కడ వాడారు.

స్క్రీన్‌ప్లే రాసింది రాబర్ట్ రిస్కిన్. మూలం శామ్యూల్ హాప్‌కిన్స్ ఆడమ్స్ రాసిన ‘నైట్ బస్’ అనే కథ, 1933లో పత్రికలో వచ్చింది.

మూడో వరుస | ఆదివారం, ఉదయం 7:50

అందరూ మురిసిపోతున్నారు కాబట్టి నేను కొంచెం పుల్ల వేస్తా.

మొదటి సీన్లో తండ్రి కూతుర్ని చెంప మీద కొడతాడు. వాగు దాటేటప్పుడు హీరో ఆమెను భుజాన వేసుకుని వెనక ఒకటి తగిలిస్తాడు. చివర్లో తండ్రితో ‘ఈవిడకి రోజుకో దెబ్బ వేసేవాడు కావాలి, తప్పు చేసినా చేయకపోయినా’ అనే అర్థం వచ్చే డైలాగు. తండ్రి ముచ్చటపడి ఇతనే సరైన అల్లుడు అనుకుంటాడు. పొగరుబోతు డబ్బున్న అమ్మాయిని దారిలో పెట్టే మగాడి కథ మనకి కొత్తా? మన మాస్ సినిమాల్లో సగం అదే కదా. నల్లగా తెల్లగా ఉండి ఇంగ్లీషులో మాట్లాడితే క్లాసిక్ అయిపోతుందా?

డైలాగులు బాగున్నాయి, కాదనను. కానీ ఈ సంగతి ఎవరూ ఎత్తకుండా ‘ప్రతి మెట్టూ తెలుస్తుంది’ అంటే ఎలా?

బెంచీటికెట్ | ఆదివారం, ఉదయం 8:20

పొద్దున్నే కాఫీ తాగకుండా పోస్టు పెట్టినట్టున్నారు అక్కయ్య గారు 🙂

మూడో వరుస | ఆదివారం, ఉదయం 8:31

తాగే పెట్టాను తమ్ముడూ. జవాబు ఉంటే చెప్పు.

పాతరీలు | ఆదివారం, ఉదయం 10:05

మూడో వరుస గారూ, ఆ మూడు చోట్లా నాకూ పంటి కింద రాయే. ఆ కాలం అలాంటిది అని సర్దిచెప్పను. ఆ కాలంలో కూడా కొట్టించుకోవడం ఎవరికీ సరదా కాదు.

కానీ ‘దారిలో పెట్టే కథ’ అన్నదాన్ని ఒప్పుకోను. దారిలో పెట్టే కథలో మగాడికి అన్నీ తెలుస్తాయి, ఆడది నేర్చుకుంటుంది. ఇక్కడ పీటర్‌కి అన్నీ తెలుసని పీటర్ ఒక్కడే అనుకుంటాడు. కాఫీలో డోనట్ ఎలా ముంచాలో పాఠం చెప్తాడు. వీపు మీద మోసుకెళ్లడం ఎలాగో పాఠం చెప్తాడు. ప్రతిదానికీ పుస్తకం రాస్తానంటాడు. ఆ గొప్పలకి సినిమా వేసే శిక్ష ఏంటో అందరికీ తెలుసు: రోడ్డు పక్కన లిఫ్ట్ అడిగే సీను. బొటనవేలు ఊపడంలో మూడు రకాలున్నాయని చెప్పి, ఒక్కోటీ చేసి చూపిస్తాడు. కార్లు జుయ్యిమని వెళ్లిపోతూనే ఉంటాయి. అతని మొహం చూడండి, ఒక్కో కారుకి ఒక్కో మెట్టు దిగుతుంది. ఆమె కంచె మీంచి దిగి, లంగా కాస్త పైకెత్తి మేజోడు సర్దుకుంటుంది. బ్రేకు చప్పుడు. తర్వాతి షాట్లో ఇద్దరూ కార్లో. అతను మూతి ముడుచుకుని కూర్చుంటాడు.

మంచాల మధ్య దుప్పటి దాటి ముందు వచ్చేది కూడా ఆమే. ప్రేమిస్తున్నానని ముందు చెప్పేదీ ఆమే. ఆఖర్న పెళ్లిపీటల దగ్గర్నుంచి పరిగెత్తేదీ ఆమే. అతను చేసిన పెద్ద పనల్లా ఆమె నిద్రపోతుంటే చెప్పకుండా వెళ్లడం, దాంతో కొంపలంటుకోవడం.

మూడో వరుస | ఆదివారం, ఉదయం 10:40

లిఫ్ట్ సీను మీకు ఇచ్చేస్తున్నా. ఆ చెంపదెబ్బ మాత్రం నా దగ్గరే ఉంచుకుంటా.

ఆ కాలు సీను గురించి ఒక కబురు. కోల్బేర్ మొదట చేయనంది. కాప్రా కోరస్ డాన్సర్ని ఒకామెను కాలు కోసం పిలిపించాడట. కోల్బేర్ అది చూసి ‘అది నా కాలు కాదు, ఆమెను పంపించెయ్యండి, నేనే చేస్తా’ అందని కాప్రా తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. డైరెక్టర్ల ఆత్మకథల్లో కాస్త ఉప్పూకారం ఉంటుంది, అయినా ఇది నమ్మబుద్ధేస్తుంది.

న్యూజెర్సీ బాబాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఆవిడ అసలు ఈ సినిమా చేయడమే ఒక వింత. కాప్రాతో ఆమె మొదటి సినిమా 1927లో, మూకీ, ఘోరంగా పోయింది. మళ్లీ వచ్చి అడిగితే రెండు షరతులు పెట్టింది: తన మామూలు పారితోషికానికి రెట్టింపు 50,000 డాలర్లు ఇవ్వాలి, 4 వారాల్లో తనను వదిలేయాలి. క్రిస్మస్ సెలవులకి వెళ్లాలి కదా మరి. ఈ సినిమా తీసిన కొలంబియా అప్పట్లో చిన్న కంపెనీ. పెద్ద స్టూడియోల వాళ్లు దాన్ని చిన్నచూపు చూసేవాళ్లు. గేబుల్‌ని ఎంజీఎం స్టూడియో అప్పుగా ఇచ్చింది. దాని పెద్ద లూయీ మేయర్ శిక్షగా పంపాడని ఒక కథ బాగా చెలామణీలో ఉంది, కొందరు చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు.

షూటింగ్ అయ్యాక కోల్బేర్ స్నేహితులతో ‘ప్రపంచంలోకెల్లా చెత్త సినిమా ఇప్పుడే పూర్తి చేసొచ్చా’ అన్నదట.

1935 ఫిబ్రవరి 27న ఆస్కార్లు. ఆమె వస్తుందనుకోలేదు, రైలెక్కబోతుంటే మనుషులు పరిగెత్తుకెళ్లి పట్టుకొచ్చారు. ప్రయాణం బట్టల్లోనే అవార్డు తీసుకుని మళ్లీ స్టేషన్‌కి వెళ్లింది. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఐదూ దీనికే. మళ్లీ ఈ ఐదూ ఒకే సినిమాకి రావడానికి 1975 నాటి ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’ దాకా ఆగాల్సొచ్చింది. ఆ తర్వాత 1991 నాటి ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’. అంతే, ఇప్పటిదాకా మూడే.

గేబుల్ ఆస్కార్ బొమ్మను 1996 వేలంలో స్పీల్‌బర్గ్ 607,500 డాలర్లకు కొని అకాడమీకే తిరిగి ఇచ్చేశాడు.

నిజామాబాద్ పిల్ల | ఆదివారం, మధ్యాహ్నం 1:02

నాకు ఇంకో డౌటు. వీళ్లకి ప్రేమ ఎక్కడ పుట్టింది? నేను రెండోసారి అందుకోసమే చూసిన. నాకైతే డిటెక్టివ్‌లు వచ్చిన సీను అనిపించింది. మీకు?

స్క్రీన్‌ప్లే పిచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 1:45

నా ఓటు కూడా దానికే. చూడనివాళ్ల కోసం చెప్తా.

పొద్దున్నే ఆ ఆటో క్యాంప్ (దారిన పోయేవాళ్లు రాత్రికి దిగే అద్దె గదులు) గదిలోకి తండ్రి పంపిన డిటెక్టివ్‌లు వస్తారు. పారిపోయే దారి లేదు. పీటర్ ఒక్కసారిగా మొగుడి అవతారం ఎత్తేస్తాడు. ఎల్లీ జుట్టు చెరిపేస్తాడు, ఏదో నాటు యాసలో అరవడం మొదలుపెడతాడు. ఆమెకి ముందు చెప్పలేదు, రిహార్సల్ లేదు. ఒక్క క్షణం చాలు, ఆమె అందుకుంటుంది. అతని కంటే గట్టిగా అరుస్తుంది. ‘ప్లంబర్ కూతురు ప్లంబర్ కూతురే’ అంటాడు, ఆమె భోరుమంటుంది. డిటెక్టివ్‌లకి ఎందుకొచ్చిన గొడవరా అనిపించి, సిగ్గుపడి వెళ్లిపోతారు.

తలుపు మూసుకోగానే ఇద్దరూ పగలబడి నవ్వుతారు. దెబ్బలాడుకుంటున్నట్టు నటించినప్పుడే వాళ్లిద్దరికీ మొదటిసారి జత కుదిరింది. కోటీశ్వరుడి కూతురు ప్లంబర్ కూతురిగా అంత బాగా ఒదిగిపోతుందని ఆమెకే తెలీదు. అది తెలిసిన సంతోషం మొహంలో కనిపిస్తుంది.

బెంచీటికెట్ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

కాదు కాదు. దానికి ముందే. స్నానాల క్యూ.

పొద్దున్న లేచేసరికి పీటర్ ఆమె గౌను ఇస్త్రీ చేయించి పెడతాడు, టూత్‌బ్రష్ కొనిపెడతాడు, గుడ్డు వేయించి పెడతాడు. రాత్రంతా నోటికొచ్చినట్టు మాట్లాడిన మనిషి. తర్వాత ఆవిడ స్నానానికి బయటికెళ్తే ఆడాళ్లంతా వరసలో నుంచుని ఉంటారు. ఈవిడ అలవాటు ప్రకారం నేరుగా లోపలికి పోబోతుంది. వెనక్కి వెళ్లి నిలబడమంటారు. వెళ్లి నిలబడుద్ది! జీవితంలో మొదటి క్యూ. ఒంటి మీద గేబుల్ గారి డ్రెస్సింగ్ గౌను.

అతని వైపు నుంచి ఇస్త్రీ బట్టలు, ఆవిడ వైపు నుంచి క్యూ. అక్కడ పడింది ముడి.

మూడో వరుస | ఆదివారం, సాయంత్రం 4:30

నాకు గడ్డివాము రాత్రి. బస్సు వదిలేశాక పొలంలో పడుకుంటారు. అతను గడ్డి పరిచి పక్క చేస్తాడు, కోటు కప్పుతాడు. మొహాలు దగ్గరికొస్తాయి, చాలా దగ్గరికి. అతను లేచి అవతలికి వెళ్లిపోతాడు. ఆమె కళ్లలో నీళ్లు. కెమెరామన్ జోసెఫ్ వాకర్ ఆ వెన్నెల వెలుగును ఎంత మెత్తగా పట్టాడంటే కాసేపు కామెడీ సినిమా అన్న సంగతే మర్చిపోతాం. అతను పచ్చి క్యారెట్లు తెస్తాడు. ఛీ అంటుంది. తర్వాత కార్లో వెళ్లేటప్పుడు అదే క్యారెట్ కొరుక్కు తింటూ ఉంటుంది. పెద్ద మార్పును ఎంత చిన్న సంగతితో చెప్పేశారో చూడండి.

పొద్దుటి నా పోస్టుకి కట్టుబడే ఉన్నా. రెండూ ఒకే సినిమాలో ఉన్నాయి, ఏం చేస్తాం.

అరుగుమీద | ఆదివారం, సాయంత్రం 5:15

కొత్తగా చేరాను, నమస్తే అందరికీ.

భార్యాభర్తలుగా నటించడం అనగానే నాకు ‘మిస్సమ్మ’ తగిలింది. 1955. అక్కడా ఉద్యోగాల్లేని ఇద్దరు, బడిలో దంపతులకే ఉద్యోగం ఇస్తారని మొగుడూపెళ్లాల్లా జమీందారు గారి ఊరికి వెళ్తారు. ఎన్టీఆర్ ఓర్పు, సావిత్రి చిరాకు. చచ్చినట్టు కలిసుండాల్సి రావడం, పైకి ఒక వేషం, లోపల ఇంకోటి. అది బెంగాలీ మూలం నుంచి వచ్చింది, దీనికీ దానికీ చుట్టరికం లేదు. కానీ రెండింటికీ ఇంధనం నిరుద్యోగమే. కడుపు నిండిన వాళ్లకి ఇలాంటి ఇరకాటం రాదు.

దీనికి అసలు వారసులు హిందీలో ఉన్నారు. 1956లో ‘చోరీ చోరీ’, రాజ్‌కపూర్, నర్గీస్. తీసింది మన మద్రాసు ఏవీఎం వాళ్లే. 1991లో ఆమిర్ ఖాన్, పూజా భట్‌తో ‘దిల్ హై కే మాన్తా నహీ’. పాతరీలు గారి మాట ఇక్కడ బాగా నిలబడుతుంది. ‘చోరీ చోరీ’ లో శంకర్ జైకిషన్ పాటలు వింటుంటే ప్రాణం లేచొస్తుంది, కానీ పాట వచ్చినప్పుడల్లా వాళ్ల జేబులో ఎంత మిగిలిందో మర్చిపోతాం.

పాతరీలు | ఆదివారం, సాయంత్రం 6:02

స్వాగతం అరుగుమీద గారూ. ‘మిస్సమ్మ’ పోలిక నాకు తట్టలేదు, భలే పట్టారు.

జేబు మాట ఎత్తారు కాబట్టి నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన చోటు చెప్తా. కూతుర్ని పట్టిచ్చినవాళ్లకి 10,000 డాలర్ల బహుమతి అని తండ్రి పేపర్లో వేయిస్తాడు. అపార్థాలన్నీ అయ్యాక పీటర్ తండ్రికి ఉత్తరం రాస్తాడు, డబ్బు విషయం మాట్లాడాలని. అదీ పదివేల కోసమే అని ఎల్లీ అనుకుంటుంది, మనసు విరిగి వెస్లీతో అందరి ముందూ మళ్లీ పెళ్లికి సిద్ధపడుతుంది.

పీటర్ వస్తాడు. జేబులోంచి కాగితం తీసి చదువుతాడు. చేతిఖర్చు 8 డాలర్ల 60 సెంట్లు. పైకోటు 15. సూట్‌కేసు 7.50. టోపీ 4. చొక్కాలు మూడు, 4.50. మొత్తం 39.60. పెట్రోలు కోసం అవన్నీ అమ్ముకోవాల్సి వచ్చింది, అవి ఇచ్చేస్తే చాలు, అంతకు మించి పైసా వద్దు. పదివేలు ముందు పెట్టినా తీసుకోడు.

తండ్రికి అక్కడ అర్థమవుతుంది. నా కూతుర్ని ప్రేమిస్తున్నావా అని అడుగుతాడు. ఇతను మాట తప్పిస్తాడు, అరుస్తాడు. మళ్లీ అడుగుతాడు. చివరికి ‘అవును! కానీ అది మనసులో పెట్టుకోకండి, నాకూ కాస్త తిక్కే’ అని తలుపు తీసుకుని పోతాడు.

ఆ 39.60లో ఎల్లీతో గడిపిన రోజులన్నీ ఉన్నాయి. ఆ టోపీ, ఆ చొక్కాలు, ఆమె దగ్గరికి తిరిగి రావడానికి అమ్ముకున్నవి. పూలు తెచ్చి మోకాళ్ల మీద కూర్చునే హీరోలని ఎంతమందిని చూశామో, నాకు ఈ చీటీ చదివినంత బలంగా ఎవరూ చెప్పలేదు.

నైట్‌షో | ఆదివారం, రాత్రి 8:48

నేను ‘రోమన్ హాలిడే’ పార్టీ. అక్కడా పారిపోయిన పెద్దింటి అమ్మాయి, కథ కోసం వెంటపడే రిపోర్టరే. కానీ వాళ్లు కలవరు. కలవకపోవడంలోనే ఉంది అందం. ఇక్కడ తండ్రి కూడా మనవాడే అయిపోయి, గేటు దగ్గర కారు పెట్టి మరీ కూతుర్ని పారిపొమ్మంటాడు. మరీ తేలిగ్గా అయిపోయింది కదా?

న్యూజెర్సీ బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:15

చుట్టరికం ఉందండీ. ‘రోమన్ హాలిడే’ ని మొదట తీద్దామనుకున్నది కాప్రాయే, తన సొంత కంపెనీ లిబర్టీ ఫిల్మ్స్ కోసం. తర్వాత అది పారమౌంట్‌కి పోయి, విలియం వైలర్ చేతికి వచ్చి, రోమ్‌లోనే షూటింగ్ జరుపుకుని 1953లో విడుదలైంది. కాప్రా తీసుంటే వాళ్లిద్దర్నీ కలిపేసేవాడేమో అని నాకు అనుమానం.

తండ్రి సంగతి. వాల్టర్ కొనోలీ ఆ పాత్రను ఎంత బాగా చేశాడంటే, ఆ చెంపదెబ్బ తర్వాత కూడా ఆయన మీద కోపం నిలవదు. పెళ్లి మంటపానికి నడిపించుకెళ్తూ పళ్లు కదపకుండా కూతురి చెవిలో చెప్తాడు: వాడు పదివేలు అడగలేదమ్మా, 39.60 అడిగాడు, నిన్ను ప్రేమిస్తున్నాడు, వెనక గేటు దగ్గర కారుంది. ఆమె మొహంలో ఏమీ కనపడదు. ‘ఒప్పుకుంటున్నావా’ అన్న దగ్గర తల అడ్డంగా ఊపి పరుగు. తెల్లటి మేలిముసుగు ఆ పచ్చిక మీద బారెడు వెనక ఎగురుతూ. తేలిక అంటే తేలికే, కానీ ఆ పరుగు కోసం నేను క్షమించేస్తా.

స్క్రీన్‌ప్లే పిచ్చి | ఆదివారం, రాత్రి 9:50

ఆఖరి సీను గురించి ఎవరూ మాట్లాడలేదేం?

పరుగు తర్వాత మనకి హీరో హీరోయిన్ కలిసిన షాట్ ఇవ్వలేదు. ఇవ్వకపోవడం ఎంత ధైర్యమో రాసేవాళ్లకి తెలుస్తుంది. తండ్రికి టెలిగ్రాం వస్తుంది: పెళ్లి రద్దు ఇంకా ఎందుకు ఆలస్యం, జెరికో గోడలు ఊగుతున్నాయి. కూలనివ్వండి అని జవాబు పంపమంటాడు. కట్ చేస్తే ఏదో ఆటో క్యాంప్ బయట యజమాని, అతని భార్య మాట్లాడుకుంటున్నారు. వీళ్లకి నిజంగా పెళ్లయిందంటావా? కాగితం చూశాగా. మరి తాడూ దుప్పటీ ఎందుకు అడిగారు? పైగా పిల్లలాడుకునే బూర ఒకటి తెమ్మన్నారు, అదెందుకో. లోపల్నుంచి బూర మోగుతుంది. దుప్పటి కిందపడుతుంది. దీపం ఆరుతుంది.

ఇద్దరు బయటివాళ్ల అయోమయం మీద లవ్ స్టోరీ ముగించాడు రిస్కిన్. వాళ్లకి తెలియనిది మనకి తెలుసు, ఆ గుట్టులో ప్రేక్షకుణ్ని భాగస్వామిని చేసేశాడు. సెన్సార్ వాళ్లకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, తెర మీద ఉన్నది ఒక దుప్పటే కదా.

నిజామాబాద్ పిల్ల | ఆదివారం, రాత్రి 10:12

ఓహో, అందుకేనా మొదటి రాత్రి ‘బూర లేదు’ అన్నది! నేను అది పట్టుకోలే. మళ్లీ చూడాలి అయితే.

ఇంకొకటి, గేబుల్ చొక్కా విప్పితే లోపల బనియన్ లేకపోయేసరికి అమెరికాల బనియన్ల అమ్మకాలు పడిపోయినయంట కదా, నిజమేనా?

పాతరీలు | ఆదివారం, రాత్రి 10:30

ఎప్పట్నుంచో తిరుగుతున్న కథ. అమ్మకాల లెక్కలు తీసి నిరూపించినవాళ్లు లేరు. ఆ సీన్లో మగాళ్లు బట్టలు ఎలా విప్పుతారో ఒక్కోటీ చెప్తూ విప్పుతాడు కదా, బనియన్ ఉంటే ఆ మాటల ఊపు దెబ్బతినేదని తీసేశారని ఒక వివరణ ఉంది. అది సబబుగానే ఉంది.

బెంచీటికెట్ | ఆదివారం, రాత్రి 10:41

ఇంత మాట్లాడి అసలు పెళ్లికొడుకుని వదిలేశారు. కింగ్ వెస్లీ గారు పెళ్లికి ఎందులో వస్తాడో మర్చిపోయారా? ఆటోగైరో! హెలికాప్టర్లు ఇంకా రాని రోజుల్లో నెత్తిన పంకా తిరిగే బుల్లి విమానం. టాప్ హ్యాట్ పెట్టుకుని దాంట్లోంచి పచ్చిక మీద దిగుతాడు. 39.60 అడిగినవాడు ఒకడు, ఇలా దిగినవాడు ఇంకొకడు. ఆ అమ్మాయి పరిగెత్తిందంటే పరిగెత్తదా మరి. నేనైతే ఆ పంకా చూసినప్పుడే పరిగెత్తేవాణ్ని.